చారిత్రక అపరాధ పరిశోధక నవలలలో ప్రణయము, హత్య



అపరాధ పరిశోధక నవల యనగానే పెద్దలు కొందరు ముఖము చిట్లించుట పరిపాటి. అది రైలు ప్రయాణమునకు పనికివచ్చునే గాని సాహిత్యగోష్ఠికి పనికిరాదని వారి అభిప్రాయము. చారిత్రక నవల యన్నచో ఆ పెద్దలే కొంత గౌరవము చూపుదురు. ఈ రెండు శాఖలను కలిపి, గడచిపోయిన యుగమొకటి రంగస్థలముగా, ఒకే పరిశోధకుడు నాయకుడుగా వరుసగా వెలువడు నవలామాలలు గడచిన 50 సంవత్సరములలో విశేషముగా పెరిగినవి. భారతదేశమును రంగముగా గైకొన్నవియు ఇటీవల అనేకములు వచ్చినవి. వీటి రచయితలందరికిని ఒకే చిక్కు ఎదురగుచున్నది. హత్య లేనిదే కథ కదలదు. ప్రణయము లేనిదే పాఠకుడు రెండవ నవల కొరకు ఎదురుచూడడు. ఈ రెండింటిని ఎట్లు పొసగించుట?

సాధారణముగా దీనిని పాళ్ల ప్రశ్నగా భావించుచుందురు. ఇన్ని ప్రకరణములు శవపరీక్షకు, ఇన్ని వెన్నెల షికార్లకు అని పంచిపెట్టినచో సరిపోవునని తలతురు. అట్లు పంచిన నవలలు చాలనే ఉన్నవి. వాటిలో హత్య జరిగిన ఇంటిలో ప్రేమికులు తోటలో తిరుగుచుందురు. వారు తిరిగివచ్చువరకు హంతకుడు ఓపికతో వేచియుండును. అటువంటివి చదువునపుడు రెండు వేరు పుస్తకములను ఒకే అట్టలో కుట్టినట్లుండును. ఇది కొలత వలన తేలు విషయము కాదు; ముడి వలన తేలు విషయము. ప్రణయమును హత్యను ఒకే ముడిలో బిగించు వస్తువు, చట్టము, ఆచారము ఏదో ఒకటి ఆ కాలమునందే దొరకవలెను.

దీనికి మేలైన నిదర్శనము చాల పాతది. శూద్రకుని మృచ్ఛకటికము పది అంకముల ప్రకరణము. చారుదత్తుని పసివాడు రోహసేనుడు బంగారు బండి కావలెనని ఏడ్చుచుండగా, వసంతసేన తన నగలు తీసి వాని మట్టిబండిలో నుంచును. ప్రేమకు అంతకంటె చక్కని గుర్తు లేదు. పిమ్మట ఎనిమిదవ అంకమున శకారుడు ఉద్యానవనములో ఆమె గొంతు నులిమి, చచ్చినదనుకొని, నేరమును చారుదత్తునిపై మోపును. తొమ్మిదవ అంకము పూర్తిగా న్యాయస్థానమే. అచట విదూషకుడు మైత్రేయుని చంకలో నుండి ఆ నగలే జారిపడును. వసంతసేన ప్రేమతో నిచ్చిన సొమ్ము చారుదత్తుని మెడకు ఉరి యగును. ఒకే నగల మూట రెండు కథలను నడిపినది. ఇందు ప్రణయమెంత, అపరాధమెంత యని తూచువాడుండడు. (ఆమె బ్రతికియున్నదని ప్రేక్షకునకు ముందే తెలియజేయుటచే శూద్రకునకు పరిశోధకుడితో పని లేకపోయినది; నేటి ప్రచురణకర్త యెవడును ఇందుకు ఒప్పుకొనడు.)

మన ఆలంకారికులును ఈ చిక్కును ఎరుగుదురు. ప్రబంధమున అనేక రసములున్నను ఒకటి అంగిగా నిలువవలెనని ధ్వన్యాలోకకర్త ఆనందవర్ధనుడు చెప్పినాడు. శృంగార బీభత్సములు పరస్పర విరోధులనియు, విరోధి రసములు ఎదురుపడినపుడు నడుమ మరియొక రసమును నిలుపవచ్చుననియు ఆయన మార్గము చూపినాడు. పరిశోధక నవలలో ఆ నడిమి రసము అద్భుతమే. ఏమి జరిగినది, ఎట్లు జరిగినది యను కుతూహలమే శవము నుండి ప్రియురాలి వరకు పాఠకుని చేయిపట్టి నడిపించును.

అయితే నాటకము ఒకసారి ముగియును, నవలామాల ముగియదు. అక్కడనే అసలు కష్టమున్నది. హత్య ఫైలు పుస్తకాంతమున మూతపడును. ప్రణయపు ఫైలు మాత్రము మరికొంత నోటు చేర్చుకొని పై పుస్తకమునకు పంపబడును. ఎన్ని సంవత్సరములు దానిని పెండింగులో నుంచవచ్చును? త్వరగా పెండ్లి చేసినచో ఉత్కంఠ చల్లారును. ప్రతి పుస్తకమునను ఒక అపార్థమును కల్పించి విడదీసినచో పాఠకుడు విసుగుచెందును.

ఇంగ్లండులో ఈ జాతి నవలకు ప్రాచుర్యము తెచ్చిన ఎడిత్ పార్జెటర్ (1913–1995) ఈ చిక్కును తెలివిగా తప్పుకొన్నారు. ఎల్లిస్ పీటర్స్ అను కలము పేరుతో 1977 నుండి 1994 వరకు ఆమె 20 నవలలు వ్రాసినారు. కాలము 12వ శతాబ్ది. స్టీఫెన్ రాజునకు, మటిల్డా రాణికి సింహాసనమునకై యుద్ధము జరుగుచున్న రోజులు. ష్రూస్‌బరీ పట్టణపు మఠములో ఓషధుల తోట పెంచు సన్న్యాసి కాడ్‌ఫేల్ పరిశోధకుడు. పూర్వాశ్రమమున సైనికుడు, నావికుడు. స్త్రీల ప్రేమను చవిచూచి, వయసు మీరిన పిదప మఠము చేరినవాడు. కనుక అతనికి ప్రణయము గడచిన కథ. దాదాపు ప్రతి నవలలోను వేరొక పడుచు జంట వచ్చును. హత్య వారిని విడదీయును. సత్యము వారిని కలుపును. హత్యవలెనే ప్రేమయు పుస్తకముతో ప్రారంభమై పుస్తకముతో ముగియును.

ఇది యుక్తి మాత్రమే యని కొట్టివేయరాదు. 1979లో వచ్చిన రెండవ నవలనే చూడవచ్చును. 1138లో స్టీఫెన్ రాజు ష్రూస్‌బరీ కోటను పట్టుకొని, లోనివారిలో 94 మందిని ఉరితీయించును. శవములకు అంత్యసంస్కారము చేయబోయిన కాడ్‌ఫేల్ లెక్కపెట్టగా 95 తేలును. రాజాజ్ఞచే చచ్చిన 94 మంది నడుమ ఒక హతుని దాచినారు. అంతమంది చావగా ఒక్కని గురించి విచారణయేల యని రాజోద్యోగులు అడుగుదురు. ఆ ఒక్కనికిని న్యాయము కావలెనని సన్న్యాసి పట్టుబట్టును. తన సోదరుని దేహమును వెదకికొనుచు ఏలిన్ అను కన్య ఆ శవముల నడుమకే వచ్చును. కొత్తగా రాజు కొలువున చేరిన హ్యూ బెరింగర్ ఆమెను ప్రేమించునది ఈ నేపథ్యముననే. ఆ సోదరుని బాకు హత్యకు సాక్ష్యము. హ్యూకు ఏలిన్ పట్ల గల ప్రేమకు పరీక్షయు అదియే. మట్టిబండిలోని నగల వంటిదే ఆ బాకు. పార్జెటర్ తన సన్న్యాసిని కూడ పూర్తిగా వదలిపెట్టలేదు. అంతియోకు నగరమున వెనుకటి ప్రేమవలన తనకొక కుమారుడు కలిగెనని అతనికి నడుమ తెలియును. 1994 నాటి చివరి నవలలో చెరబడిన ఆ కుమారునికై కాడ్‌ఫేల్ మఠనియమమును అతిక్రమించి బయలుదేరును. మొదటి నవలకు ముందే ముగిసిన ప్రేమ, ఇరువదవ నవలలో తన ఋణము తీర్చుమని వచ్చినది.

వంగదేశమున శరదిందు బంద్యోపాధ్యాయుడు (1899–1970) మరియొక దారి త్రొక్కినాడు. ఆయన డిటెక్టివు బ్యోమకేశుడు ఒక హత్యలో అనుమానితుడైన వాని చెల్లెలు సత్యవతిని చూచి, ప్రేమించి, పెండ్లాడును. అంతటితో ప్రణయము గృహస్థధర్మమున కలిసిపోవును. చారిత్రక ప్రణయములను శరదిందు వేరు నవలలలోనే వ్రాసినాడు. విజయనగరమున ప్రౌఢదేవరాయల కాలమున జరిగిన కథగా ఆయన కల్పించిన తుంగభద్రార్ తీరే తెలుగువారు చదువదగినది. రెండు విద్యలును వచ్చినవాడు రెండింటిని ఎన్నడును గట్టిగా కలుపకపోవుట ఆలోచింపదగిన విషయము.

ఇక భారతదేశమును రంగముగా చేసికొన్న నేటి నవలామాలలలో ముడి గట్టిగా బిగిసినది శ్రీమతి సుజాతా మాస్సీ వ్రాయుచున్న పెర్వీన్ మిస్త్రీ కథలందు. మొదటి నవల ది విడోస్ ఆఫ్ మలబార్ హిల్ 2018లో వచ్చినది. కథాకాలము 1921, స్థలము బొంబాయి. తండ్రి న్యాయవాద సంస్థలో పనిచేయు పారసీ యువతి పెర్వీన్. ఇంగ్లండులో చదివి వచ్చినను ఆమె న్యాయస్థానమున నిలిచి వాదింపరాదు. స్త్రీలకు ఆ అధికారమిచ్చిన చట్టము 1923లో గాని రాలేదు. ఆక్సుఫర్డులో న్యాయశాస్త్రమభ్యసించి, 1904 నుండి వంగదేశపు కోర్ట్ ఆఫ్ వార్డ్స్ తరఫున ఘోషాస్త్రీల ఆస్తులను కాపాడిన కొర్నేలియా సొరాబ్జీ (1866–1954) జీవితము ఈ పాత్రకు ప్రేరణయైనది.

కథలో ఒక మిల్లు యజమాని మరణించును. ఘోషాలో నున్న అతని ముగ్గురు భార్యలును తమ హక్కులను వక్ఫునకు వ్రాసియిచ్చినట్లు కాగితము వచ్చును. వ్రాలు చేసిన స్త్రీలకు అందేమున్నదో తెలియునా యని పెర్వీన్‌కు సందేహము. ఇంటి వ్యవహారములు చూచువాడు హత్యకు గురియగును. పోలీసులు పురుషులు, జనానాలోనికి పోజాలరు. పెర్వీన్ పోగలదు. న్యాయస్థానమున ప్రవేశము లేని స్త్రీకి, ఏ న్యాయవాదియు అడుగిడలేని గదిలో ప్రవేశమున్నది. ఆమె పరిశోధకురాలగుటకు రచయిత్రి వేరు కారణము కల్పింపనవసరము లేకపోయినది. 1921వ సంవత్సరమే కారణము.

ప్రణయమో? అది హత్యకు ఐదేండ్ల క్రితము నడచిన కథగా, నడుమ నడుమ వచ్చును. పెర్వీన్ కలకత్తాకు చెందిన సైరస్ అను యువకుని ప్రేమించి, తలిదండ్రులను ఒప్పించి పెండ్లాడినది. అత్తవారింట బహిష్టు దినములలో చీకటిగదిలో బంధింపబడినది. భర్త వేశ్యాలోలుడని, దానివలన తనకు వ్యాధి సంక్రమించెనని తెలిసికొన్నది, దెబ్బలు తిన్నది. పుట్టింటికి తిరిగివచ్చి పారసీ వివాహ న్యాయస్థానమును ఆశ్రయించినది. నాడు అమలులో నున్నది 1865వ సంవత్సరపు పారసీ వివాహ, విడాకుల చట్టము. భర్త వేశ్యాగమనము, దానియంతట అదియే భార్యకు విడాకులిప్పించు కారణము కాదు. ఆమెకు లభించినది వేరుగా నివసించు అనుమతి మాత్రమే. ఆమె భార్యగా లేదు. కాని చట్టము దృష్టిలో భార్యయే.

ఇక్కడనే ఈ నవలామాల బలము తెలియును. రెండవ నవలలో సహ్యాద్రి ప్రాంతపు సంస్థానమున పెర్వీన్‌కు కాలిన్ శాండ్రింగుహామ్ అను ఆంగ్లోద్యోగి పరిచయమగును. ఇరువురికిని ఒకరిపై ఒకరికి మనసు కలుగును. వారిని వేరుచేయుటకు రచయిత్రి దారితప్పిన ఉత్తరములను, విన్నదొకటి అనుకొన్నదొకటి యను అపార్థములను తేనక్కరలేదు. 1865 నాటి చట్టమే అడ్డుగోడ. ఆపై పాలకజాతికి పాలితజాతికి నడుమనున్న గోడ. మూడవ నవల కథ 1921 నవంబరులో వేల్సు యువరాజు బొంబాయిలో కాలుపెట్టిన రోజుల నాటిది. స్వాగతమునకు పోయిన పారసీలపై అల్లరులు చెలరేగిన వేళ, ఒక ఆంగ్లేయునితో కనబడిన పారసీ స్త్రీకి గలుగు ప్రమాదము ఎంతటిదో వేరుగా చెప్పనక్కరలేదు. పాఠకునకు మరియొక విషయము తెలియును, పాత్రకు తెలియదు. 1936లో పారసీల చట్టము మారినది. భర్తవలన సుఖవ్యాధి సంక్రమించుట విడాకులకు కారణమైనది. వేరుగా నివసించు తీర్పు పొంది మూడేండ్లు గడచుటయు కారణమైనది. 1921లో నిలిచియున్న పెర్వీన్‌కు ఇంకను పదునైదేండ్లు! ఈ నిరీక్షణ రచయిత్రి కల్పన కాదు. ఎందరో స్త్రీల జీవితమున నిజముగా గడచిన కాలమది. ఇందువలన ఆ ప్రణయమునకు గాంభీర్యము వచ్చినది. ఆ చట్టపు కాగితము ముందు పెర్వీన్, వక్ఫు కాగితము ముందు ఆ ముగ్గురు వితంతువులు ఒకే విధముగా నిస్సహాయులు. తన గది తలుపు మూతపడిన నాటి జ్ఞాపకముతోనే ఆమె జనానా తలుపు తట్టును. (హంతకుని పేరు ఇక్కడ చెప్పుట మర్యాద కాదు.)

తక్కినవి సంగ్రహముగా చూచినను చాలును. ఇంగ్లండులోని నేరకథా రచయితల సంఘము చారిత్రక నవలలకిచ్చు బహుమతికి మొదట ఎల్లిస్ పీటర్స్ పేరే పెట్టినారు. 2021లో ఆ బహుమతి శ్రీ వసీమ్ ఖాన్ రచించిన మిడ్‌నైట్ ఎట్ మలబార్ హౌస్ అను నవలకు వచ్చినది. 1949 డిసెంబరు 31వ తేదీ రాత్రి బొంబాయిలో ఒక ఆంగ్లప్రముఖుడు హత్యకు గురియగును. పరిశోధించునది కథలో బొంబాయి తొలి మహిళా ఇన్‌స్పెక్టరు పెర్సిస్ వాడియా. ఎవరికిని అక్కరలేని ఉద్యోగులను బదిలీ చేయు ఠాణాలో ఆమెను నియమింతురు. బదిలీల మర్మమెరిగినవారికి ఆ ఠాణా వర్ణన ప్రత్యేకముగా రుచించును! ఆమెకు సహకరించు ఆంగ్ల శాస్త్రజ్ఞుడు ఆర్చీ బ్లాక్‌ఫించ్‌తో అనురాగమేర్పడును. ఇక్కడ అడ్డు చట్టము కాదు. నూతన స్వాతంత్ర్యపు అభిమానము. అది మనసులోని గోడ గనుక ఎప్పుడైనను కూలవచ్చును. అందుచే పుస్తకము తరువాత పుస్తకమున దానిని నిలబెట్టుటకు రచయిత కొంత శ్రమపడవలసి వచ్చుచున్నది.

ఆచార్య హరిణీ నాగేంద్ర బెంగుళూరు కథలు 1921వ సంవత్సరమునే గైకొన్నను దారి వేరు. ఆమె కావేరి పెండ్లియైన పిల్ల. భర్త డాక్టరు రాము. గణితమును, కారు నడుపుటను, హంతకులను పట్టుటను భర్త ప్రోత్సాహముతోనే నేర్చుకొనును. పెండ్లి తరువాత మొలకెత్తు ప్రేమ మన ఇండ్లలో ఎరిగినదే. నవలలలో మాత్రము అరుదు. ముచ్చటగా నున్నది. కాని రాము మరీ మంచివాడు! అతడు ఒక్కసారియైనను గట్టిగా కాదన్నచో కథకు బిగువు వచ్చియుండెడిది. ఢిల్లీవాసులకు మధులికా లిడిల్ గారి ముజఫ్ఫర్ జంగ్ కథలు ఇష్టముగా నుండును. 1656 నాటి షాజహానాబాదు వీధులలో ఆ యువ ప్రభువు విహరించును. మొదటి నవల 2009లో వచ్చినది. పరిశోధకుని వివాహమును ఆమె తొందరపడక, తరువాతి పుస్తకములలో సహజముగా నడిపినారు.

ఒక విషయము మాత్రము కొంత నిలిచి ఆలోచింపవలెను. 1891లో బొంబాయి విశ్వవిద్యాలయపు రాజాబాయి గోపురము పైనుండి ఇద్దరు పారసీ యువతులు పడి మరణించిరి. ఆ మరణములు ఆ నగరమును కలచివేసినవి. శ్రీమతి నెవ్ మార్చ్ 2020లో ప్రకటించిన మర్డర్ ఇన్ ఓల్డ్ బాంబే దీని నాధారము చేసికొన్నది. పాత్రల పేర్లు మార్చినారు. సైన్యము విడిచిన కెప్టెన్ జిమ్ అగ్నిహోత్రి మృతురాలి భర్త కోరికపై విచారణ ప్రారంభించి, ఆ భర్త చెల్లెలు డయానాను ప్రేమించును. జిమ్ మిశ్రజాతివాడు, పారసీ కుటుంబము అట్టివానికి పిల్లనీయదు. అడ్డు నిజమైనదే, ఆ కాలమునకు తగినదే. అయినను మృత్యువు తెరచిన తలుపులో నుండి ప్రణయము లోనికి వచ్చుచున్నది. ఆ ఇంట దుఃఖము ఆరకముందే సంతోషము తలయెత్తవలెను. కల్పితమృతుల విషయమున పాఠకుడు దీనిని క్షమించును. నిజముగా చనిపోయిన ఆడపిల్లల విషయమున రచయితపై బాధ్యత రెట్టింపగును. మొదటి ప్రకరణములలో జిమ్ ఆ బాధ్యతను ఎరిగియే మెలగును; ఒక పత్రికలో ఆ భర్త వ్రాసిన లేఖ చదివి కదలిపోవుటతోనే కథ మొదలగుట బాగున్నది. నడుమ కథ పంజాబు వరకు సాహసయాత్ర చేయునపుడు మాత్రము ఆ గోపురము, ఆ ఇద్దరును చాలసేపు కనుమరుగగుదురు. ప్రేమికుల భవిష్యత్తుపై ఆసక్తి పెరిగి, మృతుల జ్ఞాపకము తగ్గును. తూకము తప్పుట యనగా ఇదియే. పుటల లెక్కలో ప్రణయము ఎక్కువైనందున కాదు. దానికిని మృతులకును గల బంధము సడలినందున.

తెలుగులో ఈ రెండు పాయలును విడివిడిగా ప్రవహించినవి. కొమ్మూరి సాంబశివరావు (1926–1994) సృష్టించిన డిటెక్టివ్ యుగంధర్, అతని సహాయకుడు రాజు సమకాలిక నగరజీవితమునకు చెందినవారు. చారిత్రక నవలలో ప్రణయమునకు కొదువలేదు. రెండింటిని ఒకే పాత్రయందు కలిపిన సాహసము అడివి బాపిరాజు (1895–1952) హిమబిందులో కనబడును. శాతవాహన యువరాజును చంపుటకై పెంచబడిన విషకన్య ప్రేమకు లోనగును. అచట హత్యాయుధమే ప్రేమించినది. కాని అది పరిశోధక నవల కాదు, నవలామాలయు కాదు.

వస్తువునకు లోటు లేదు. 1686లో గోలకొండ మంత్రులు అక్కన్న, మాదన్నలు హత్యకు గురియైనారు. రాణివాసపు ప్రేరణమున్నదని నాటి చరిత్రలు చెప్పును. మరుసటి సంవత్సరమే గోలకొండ పతనమైనది. ఆ రాజ్యపు ఫర్మానాలలో కొన్ని పారసీకమున, తెలుగున కూడ వ్రాయబడెడివి. రెండు భాషలు చదువగల దఫ్తరు లేఖకుడొకడు పరిశోధకుడైనచో, కాగితములన్నియు అతని చేతిమీదుగానే పోవును. అతనికి దొరకనిది రాణివాసపు ప్రవేశము. గాజులు తొడుగు స్త్రీకి అది దొరకును. వారిరువురి పరిచయము ఏ వస్తువుతో ప్రారంభమగునో, ఆ వస్తువే హత్యకు సాక్ష్యము కావలెను. ఒక ఫర్మానా నకలా, పగిలిన గాజుముక్కయా, మరేదైననా అనునది నిర్ణయించుకొన్న రచయిత రెండవ నవలను గురించి కూడ అప్పుడే ఆలోచింప మొదలుపెట్టవచ్చును.